దాడి తర్వాత మూడో రోజు

తెలంగాణలో ఏ జిల్లా పేజీ తిరగేసినా ఈ వార్త ఏడాదికి నాలుగైదుసార్లు కనిపిస్తుంది. కల్లు డిపోపై ఎక్సైజ్ దాడి. టేబుల్ మీద తెల్లటి పొడి ఉన్న పాలిథిన్ సంచులు, పక్కన కాటా, వెనక వరసగా అధికారులు, ముందు ముసుగులేసి నిలబెట్టిన ఇద్దరో ముగ్గురో మనుషులు. ఎన్ని కిలోల అల్ప్రాజోలం దొరికింది, దాని విలువెంత, ఎన్ని లీటర్ల కల్లు పారబోశారు, దాడిలో ఎవరెవరు పాల్గొన్నారు. సిబ్బంది పేర్లతో వార్త అయిపోతుంది. మర్నాటికి దాని ఊసే ఉండదు.

అసలు వార్త మూడో రోజున, ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో మొదలవుతుంది. అప్పటికి స్థానిక విలేకరి ఇంకో ప్రెస్‌మీట్‌లో ఉంటాడు. మానసిక ఆరోగ్యం, వ్యసనం, పోలీసు కేసు అనే మూడూ మన పేపర్లలో మూడు వేర్వేరు పేజీల్లో ఉంటాయి. ఊళ్లో మాత్రం అవి ఒకే ఇంట్లో, ఒకే మనిషి మీద, ఒకే వారంలో పడతాయి. ఆ వారాన్ని రాయడం విలేకరి బాధ్యత. దానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఏ రోజున ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏం అడగాలో తెలియాలి.

ముందు ఆ పొడి సంగతి. అల్ప్రాజోలం ఆందోళన తగ్గించడానికి, నిద్ర పట్టడానికి డాక్టర్లు రాసే మందు. మామూలుగా రాసే మాత్రలో ఉండేది పావు మిల్లీగ్రాము, లేదా అర మిల్లీగ్రాము. కిలో పొడి అంటే పావు మిల్లీగ్రాము మాత్రలు 40 లక్షలు. 'కిలో అల్ప్రాజోలం పట్టివేత' అని రాసేటప్పుడు ఈ లెక్క పక్కన వేస్తే చదివేవాడి మనసులో వేరే ప్రశ్న పుడుతుంది: ఈ 40 లక్షల మాత్రల మందు రోజూ ఎవరి ఒంట్లోకి పోతోంది? నిన్నటి నుంచి అది దొరకని ఆ మనుషులు ఇవాళ ఎక్కడున్నారు?

చెట్టు కల్లుకు ఒక హద్దుంది. ఈత చెట్టు ఏడాది పొడవునా ఒకేలా పారదు, తాటి కల్లు ప్రధానంగా ఎండాకాలానిది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ కొరతను నీళ్లతో, చక్కెరతో, శాక్రిన్‌తో పూడుస్తారు. నీళ్లు కలిపిన కల్లుకు మత్తు ఉండదు కాబట్టి అల్ప్రాజోలమో, జనం డైజోఫాం అని పిలిచే డయాజిపామో, సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేటో కలుపుతారు. ఈ కల్తీని చెట్టెక్కే గీత కార్మికుడి నెత్తిన రుద్దే వార్తలంటే నాకు కోపం. మోకు, ముస్తాదు పట్టుకుని ప్రాణానికి తెగించి చెట్టెక్కేవాడు వేరు, వందల లీటర్లకు సరిపడా పొడి తెప్పించి డిపో నడిపేవాడు వేరు. నిందితుల పేర్ల కంటే ముందు ఈ తేడా తేలాలి. లైసెన్స్ ఎవరి పేరున ఉంది, గీత కార్మికుల సొసైటీదా, ఒక్కో గీత కార్మికుడికి విడిగా ఇచ్చే టీఎఫ్‌టీ లైసెన్సా, నడిపిస్తున్నది ఎవరు?

కలపడంలోనే ప్రమాదం ఉంది. అల్ప్రాజోలం నీళ్లలో సరిగ్గా కరగదు. డ్రమ్ములో పోసి కర్రతో తిప్పితే కొంత తేలుతుంది, ఎక్కువ భాగం అడుగుకు దిగుతుంది. పొద్దున పోసిన సీసాకు, డ్రమ్ము అడుగున మిగిలిన దానితో సాయంత్రం నింపిన సీసాకు మోతాదులో పోలికే ఉండదు. రోజూ రెండు సీసాలు తాగే మనిషి ఒక రోజు అవే రెండు సీసాలకు స్పృహ తప్పడానికి ఇదో కారణం. జులై 2025లో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో నిమ్స్‌లో చేరి, కొందరు కిడ్నీలు పాడై డయాలసిస్ మీదికి వెళ్లి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు రాష్ట్రమంతా కల్లు గురించే మాట్లాడింది. తాగడం వల్ల వచ్చే ఆపద అది. కంటికి కనబడుతుంది కాబట్టి వార్త అవుతుంది. తాగడం ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే ఆపద కనబడదు.

ఈ రెండోది అర్థం కావాలంటే ఒంట్లో ఏం జరుగుతుందో తెలియాలి. మెదడును నిదానపరిచే మందు నెలల తరబడి రోజూ పడుతుంటే, మెదడు దానికి ఎదురీదడం అలవాటు చేసుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ ఎదురీత మాత్రం ఆగదు. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది, సుమారు 12 గంటల్లో సగానికి తగ్గుతుంది. కాబట్టి మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. రెండు, మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో తరుముతున్నట్టు కనిపించవచ్చు. పక్కనున్న భార్యనే గుర్తు పట్టకపోవచ్చు. దానితో పాటు మద్యం అలవాటు కూడా ఉంటే ఇది మరీ ప్రమాదం, సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. కల్తీ డయాజిపామ్‌తో చేసి ఉంటే లెక్క మారుతుంది. అది ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, కాబట్టి లక్షణాలు ఐదో రోజునో వారానికో మొదలవుతాయి. అప్పటికి దాడి సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. ఆ మనిషికి గాలి సోకిందని ఇంటివాళ్లు అనుకుంటారు, మూర్ఛ జబ్బని ఆర్‌ఎంపీ అనుకుంటాడు, పిచ్చి పట్టిందని ఊరు అనుకుంటుంది.

తెలంగాణ దీన్ని ఒకసారి పెద్ద ఎత్తున చూసింది. సెప్టెంబర్ 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ లాంటి జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, భ్రమలతో ఆసుపత్రులకు వచ్చారు. మరణాలూ వార్తల్లోకి ఎక్కాయి. మార్చి 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు, కల్లు దుకాణాలు ఒకే రోజు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు అదే దృశ్యం. రెండుసార్లూ అందరూ ఆశ్చర్యపోయినట్టే రాశారు. ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. దాడి తేదీ తెలుసు, మందు పేరు తెలుసు, ఎన్ని గంటలకు లక్షణాలు వస్తాయో వైద్య పుస్తకాల్లో ఉంది. ఆసుపత్రికి ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

దాడి ప్రెస్‌మీట్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే: డిపో మూసే ముందు జిల్లా వైద్యాధికారికి (డీఎంహెచ్‌వోకు) సమాచారం ఇచ్చారా? దాడుల విషయం రహస్యంగా ఉంచాలి, నిజమే. కానీ సామాను దొరికిన గంటలోనే ఒక ఫోన్ చేస్తే రహస్యానికి వచ్చే నష్టం లేదు. ఆ ఫోన్ వెళ్లిందా లేదా అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. వెళ్లలేదని తేలితే, పట్టుబడిన కిలోల కంటే పెద్ద వార్త అదే.

తర్వాత అడగాల్సింది దగ్గరి పీహెచ్‌సీ, సీహెచ్‌సీ మందుల గదిలో. లోరాజిపామ్ లేదా డయాజిపామ్ ఇంజెక్షన్లు ఎన్ని ఉన్నాయి, వాటి గడువు ఎప్పటిదాకా, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఉందా? ఫిట్స్‌తో వచ్చినవాడికి మొదట పడాల్సింది ఇవే. తాగుడు అలవాటున్న, తిండి సరిగా లేని మనిషికి థయమిన్ ఇవ్వకుండా ముందు గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన దగ్గర నీరసంగా కనిపించిన ప్రతివాడికీ మొదట వేలాడదీసేది గ్లూకోజ్ సీసానే. ఆ తర్వాత వైద్యం రోజుల్లో తేలేది కాదు. దాదాపు అదే జాతి మందును డాక్టర్ చేతి మీదుగా ఇస్తూ, వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. 'మానేస్తే పోయేదానికి మళ్లీ మందెందుకు' అని ఇంటివాళ్లు అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పగలిగింది స్థానిక పత్రికే. 'రెండు రోజుల సంది కల్లు లేదు, నిద్ర పడ్తలేదు' అనే ఒక్క మాట కేస్‌షీట్‌లోకి ఎక్కితే వైద్యం దారిలో పడుతుంది. ఎక్కకపోతే ఆ మనిషికి పిచ్చి అని వేరే ఇంజెక్షన్ పడుతుంది. భ్రమలను అణిచే హాలోపెరిడాల్ లాంటి మందులు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి కాబట్టి ఇలాంటి మనిషికి అవి మాత్రమే ఇవ్వడం మంచిది కాదు.

మెడికల్ షాపు వైపూ చూడాలి. డిపో మూతపడగానే పక్క ఊరి కల్లుకు గిరాకీ పెరుగుతుంది, చీటీ లేకుండా మాత్రలు అమ్మే షాపుకూ పెరుగుతుంది. 2014 మార్చి నుంచి అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టర్‌లో ఎక్కించి, దాన్ని మూడేళ్లు దాచాలి. దాడి జరిగిన వారంలో ఆ మండలంలో హెచ్1 రిజిస్టర్లు తనిఖీ చేశారా అని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను అడగడం తేలికైన పని.

ఇక ఆసుపత్రి ఫొటో. మంచానికి గుడ్డలతో కట్టేసిన మనిషి, నోట్లోంచి నురగ, పక్కన ఏడుస్తున్న తల్లి. ఇది వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మే 29, 2018 నుంచి అమల్లో ఉంది. మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పేచోటే మద్యం, మత్తు పదార్థాల వాడకంతో ముడిపడ్డ మానసిక స్థితులను కూడా ఆ చట్టం కలిపింది. చికిత్స పొందుతున్న మనిషి సమ్మతి లేకుండా అతని ఫొటో గానీ సమాచారం గానీ మీడియాకు ఇవ్వకూడదని సెక్షన్ 24 చెబుతుంది. ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు ఈ సెక్షన్‌నే గుర్తు చేసింది. భ్రమల్లో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి సమ్మతి కాదు. తల్లి తలూపితే సరిపోతుందని అనుకోవడం కూడా తప్పు.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ మార్గదర్శకాలు తెలుగు మాటల లోతుకు రావు. మన భాషలో 'పాల్పడు' అనే క్రియ నేరాలకు వాడేది. దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు, లంచాలకు పాల్పడ్డాడు. అదే క్రియను రోజూ ఆత్మహత్యకు అతికిస్తాం. 2017 చట్టంలోని సెక్షన్ 115 ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. జులై 1, 2024 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి ఆ ప్రయత్నం చేస్తే మాత్రమే సెక్షన్ 226 వర్తిస్తుంది. చట్టం దాన్ని నేరం కాదన్న తర్వాత కూడా మన క్రియాపదం మారలేదు. 'ప్రాణం తీసుకున్నారు' అని రాస్తే శీర్షికలో ఒక్క అక్షరం కూడా ఎక్కువ పట్టదు. ఏ మందు తాగారో, ఎలా చేశారో రాయడం మానేస్తే వార్తలో తగ్గేదేమీ లేదు. ఆ జాగాలో 14416 అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ వేయొచ్చు. 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తున్న ఆ ఉచిత లైన్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. మత్తు మానడానికి సాయం కావాలంటే 14446.

'మతిస్థిమితం లేని వ్యక్తి', 'సైకో', 'గంజాయి బ్యాచ్' లాంటివి పోలీసు వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రెస్‌నోట్‌ నుంచి మార్పు లేకుండా అచ్చుకెక్కే మాటలు. వీటిలో 'గంజాయి మత్తులో దాడి' అనేది నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అందులో ఒక వాస్తవం ఉన్నట్టు ధ్వనిస్తుంది. మత్తులో ఉన్నాడని ఎలా తెలిసింది? స్టేషన్‌లో వాడే మూత్ర పరీక్ష కిట్ ప్రాథమిక పరీక్ష మాత్రమే. దాని ఫలితాన్ని ల్యాబ్‌లో ఇంకో పద్ధతిలో ధ్రువీకరించాలి. ధ్రువీకరించినా అది చెప్పేది ఒంట్లో గంజాయి ఆనవాళ్లు ఉన్నాయని మాత్రమే. ఒకసారి తాగినవాడిలో రెండు మూడు రోజులు, రోజూ తాగేవాడిలో నెల దాకా అవి కనిపించవచ్చు. గొడవ జరిగిన గంటలో అతను మత్తులో ఉన్నాడని ఆ కిట్ చెప్పలేదు. 'పరీక్షలో గంజాయి ఆనవాళ్లు కనిపించాయని పోలీసులు చెప్పారు' అని రాయాలి. అంతకు మించి రాస్తే విలేకరే సాక్ష్యం చెప్పినట్టు.

మూడో రోజు రాత్రి భ్రమల్లో ఉన్న ఆ కల్లు మనిషి రోడ్డు మీదికి వస్తాడు అనుకుందాం. రాయి విసిరాడు, ఎవరి తలుపో బాదాడు, డయల్ 100కు ఫోన్ వెళ్లింది. మానసిక అనారోగ్యంతో తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషిని, తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకుని, వీలైనంత త్వరగా, గరిష్ఠంగా 24 గంటల్లో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 చెబుతుంది. ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు. ఎక్కువసార్లు జరిగేది న్యూసెన్స్ కేసు, ఓ రాత్రి లాకప్. లాకప్‌లో ఫిట్స్ వస్తే అది కస్టడీ మరణం దాకా వెళ్లగలదు. అలా వెళితే మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలి. 'అనారోగ్యంతో మృతి' అని నాలుగు లైన్లు రాసి ఊరుకునే ముందు ఈ రెండూ జరిగాయా అని చూడాలి.

ఇక కేసు. కల్తీ కల్లు కేసులో ఎఫ్‌ఐఆర్ ఏ చట్టం కింద నమోదైందన్నదే అన్నిటికంటే ముఖ్యం, వార్తల్లో ఎప్పుడూ కనిపించనిది కూడా అదే. క్లోరల్ హైడ్రేట్ అయితే ఎక్సైజ్ చట్టం. అల్ప్రాజోలం, డయాజిపామ్ అయితే 1985 నాటి మత్తు పదార్థాల చట్టం, ఎన్‌డీపీఎస్. అందులో అల్ప్రాజోలానికి 5 గ్రాముల దాకా చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. చిన్న పరిమాణానికి ఏడాది దాకా జైలు. వాణిజ్య పరిమాణానికి 10 నుంచి 20 ఏళ్లు, పైగా సెక్షన్ 37 కింద బెయిల్ దాదాపు దొరకదు. బెయిల్ ఇవ్వాలంటే నిందితుడు దోషి కాదనడానికి ఆధారాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టు నమ్మాలి.

ఏది తూచాలి, పొడినా, పొడి కలిపిన కల్లునా? ఏప్రిల్ 2020లో హీరాసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, మత్తు పదార్థంలో కలిసిన ఇతర పదార్థాన్ని తీసేసి లెక్కించకూడదని, మొత్తం బరువునే చూడాలని చెప్పింది. దాన్ని అక్షరాలా పట్టుకుంటే 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే 100 గ్రాములు దాటుతుంది. డిపో నడిపినవాడికి అది సరైన శిక్షే అనిపించవచ్చు. చేతిలో సీసాతో దొరికినవాడికీ, జీతానికి సీసాలు కడిగే కుర్రాడికీ అదే లెక్క వేస్తే? అందుకే ఎఫ్‌ఐఆర్‌లో ఏ బరువు రాశారో చూడాలి. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి, అది చూడటానికి సీఐని బతిమాలాల్సిన పని లేదు.

గంజాయి కేసులకూ ఇదే జాగ్రత్త కావాలి. కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్యం. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలతో కలిసి లేని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. పాడేరు, చింతపల్లి, జి.కె.వీధి వైపు నుంచి వచ్చే పెద్ద కేసుల్లో కాడ, ఆకు, వేరుతో సహా తూచారా అన్నది విచారణలో గట్టి ప్రశ్న. ఆపరేషన్ పరివర్తన పేరుతో 2021లో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు, ఫిబ్రవరి 2022లో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. ఆ మంటల ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. మూట మోసి 20 కిలోల గీత దాటి, బెయిల్ రాక జైల్లో ఉన్న కొండ కుర్రాళ్ల కేసులు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే వార్తలు మాత్రం అరుదు. వాణిజ్య పరిమాణం కేసుల్లో చార్జిషీటుకు 180 రోజుల గడువుంది. కోర్టులో ప్రతి కేసుకూ ఉండే సీఎన్‌ఆర్ నంబర్ ఒక్కటి రాసిపెట్టుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో ఏ వాయిదాకు ఏం జరిగిందో ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

పట్టణాల్లో పట్టుబడేవాళ్లలో ఎక్కువ మంది అమ్మేవాళ్లు కారు, తాగేవాళ్లు. వాళ్ల కోసం ఇదే చట్టంలో రెండు తలుపులున్నాయి. సెక్షన్ 64ఏ: వాడకం నేరం గానీ చిన్న పరిమాణం నేరం గానీ మోపబడిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే అతని మీద విచారణ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 39: అలాంటి కేసులో దోషిగా తేలినా, అతని సమ్మతితో కోర్టు జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు, ఏడాదిలోగా ఫలితం నివేదించమనవచ్చు. జిల్లాలో గత మూడేళ్లలో 64ఏ కింద ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఒప్పుకున్నారు? ఇది ఆర్టీఐ ప్రశ్న. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ఆ సంఖ్య సున్నా అని జవాబొస్తే, అదే మొదటి పేజీ వార్త. ఆ రెండు సెక్షన్ల గురించి నిందితుడికీ, అతని తండ్రికీ, కొన్నిసార్లు వకీలుకూ తెలియకపోవడం వల్లే కుర్రాళ్లు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి, జీవితాంతం మాదకద్రవ్యాల కేసు ముద్ర మోస్తారు.

జైలు గేటు దాటాక కూడా మూడో రోజు లెక్క మారదు. డిపోలో పట్టుబడ్డవాడు కూడా కల్లు తాగేవాడే కావచ్చు. రిమాండ్ మొదటి వారంలో అతనికి ఫిట్స్ వచ్చే ప్రమాదం బయట ఉన్నవాళ్లకు ఎంతో, లోపలా అంతే. చేర్చుకునేటప్పుడు జరిగే వైద్య పరీక్షలో కల్లు, మాత్రల అలవాటు అడిగారా అన్నది ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 103లో ఒక నిబంధన ఉంది: మానసిక అనారోగ్యం ఉన్న ఖైదీలు తన జైల్లో లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలి. ఏడాదికి నాలుగు కాగితాలు. వ్యసనం కూడా ఆ చట్టం లెక్కలో మానసిక అనారోగ్యంలో భాగమే కాబట్టి, ఆ కాగితాల మీద ఏముందో చదవాలి. అసలు ఆ కాగితాలు ఉన్నాయో లేవో కూడా చూడాలి.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల గురించి ఒక పేరా సరిపోదు, అయినా వదిలేయలేను. 'మీవాణ్ని మేమే వచ్చి తీసుకెళ్తాం' అని ప్రకటనలిచ్చే కేంద్రాలు అర్ధరాత్రి జీపులో నలుగుర్ని పంపుతాయి. తండ్రి సంతకంతో మూడు నెలలు తాళం వేసి ఉంచుతాయి. చట్టం ప్రకారం రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. మొదటి విడత 30 రోజులు మించకూడదు. చేర్చుకున్న ఏడు రోజుల్లో బోర్డుకు తెలియజేయాలి, మహిళలు, మైనర్లయితే మూడు రోజుల్లో. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేలు. గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం ఉందా అన్నది గుమ్మంలో నిలబడి చూడొచ్చు. లోపల ఎవరైనా చనిపోయాకే ఈ ప్రశ్న వస్తోంది. ఆ కేంద్రాల ప్రకటనలు మాత్రం జిల్లా పేజీలోనే వస్తుంటాయి.

కుటుంబాలు ఇలాంటి చోటికి ఎందుకు వెళ్తాయంటే, వేరే దారి కనబడదు కాబట్టి. ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో తేల్చింది: మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. కల్లు తాగే ఆడవాళ్లకు ఇంకా కష్టం. తెలంగాణ పల్లెల్లో పొలం పనికి వెళ్లే పెద్ద వయసు ఆడవాళ్లు కల్లు తాగడం కొత్త సంగతేమీ కాదు. వాళ్లకు ఫిట్స్ వస్తే డీ-అడిక్షన్ కేంద్రంలో మంచం దొరకదు, ఇంట్లోవాళ్లు 'కల్లు వల్ల' అని డాక్టర్‌కు చెప్పరు. విలేకరి అడిగితే తప్ప వాళ్లు లెక్కలోకి రారు.

ఇవన్నీ రాయాల్సిన మండల కంట్రిబ్యూటర్‌కు లైన్ల లెక్కన వచ్చేది పెట్రోలుకు చాలదు. దసరాకు, ఆగస్టు 15కు ప్రకటనలు తేవాలి, ఆ ప్రకటనలిచ్చేవాళ్లలో కల్లు డిపో వెనక ఉన్న పెద్దమనుషులూ ఉండొచ్చు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అతని మీద ఉన్న డెస్క్‌ను అడగాలి: దాడి వార్తకు మూడు కాలమ్‌లు ఇచ్చినప్పుడు, వారం తర్వాత వచ్చే ఫాలోఅప్‌కు ఒక కాలమ్ ముందే ఎందుకు కేటాయించరు? దాడి వార్త పంపిన రోజే డైరీలో తేదీలు రాసుకోవచ్చు. మూడో రోజు క్యాజువాలిటీ, డయాజిపామ్ అయితే ఏడో రోజు మళ్లీ. నెలకు నారాయణగూడ ఎక్సైజ్ ల్యాబ్ రిపోర్టు వచ్చిందా, అందులో ఏ మందు ఉందో ఆసుపత్రికి చెప్పారా. ఆరు నెలలకు చార్జిషీటు. మొత్తం కలిపితే నాలుగు ఫోన్లు, రెండుసార్లు బస్సు టికెట్.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పొద్దున్నే వెళ్లాలి. ఓపీ మొదలయ్యేసరికి, రాత్రి ఫిట్స్‌తో వచ్చినవాళ్లను అప్పటికే జిల్లా ఆసుపత్రికో ఎర్రగడ్డకో పంపేసి ఉంటారు. డ్యూటీ డాక్టర్‌ను అడగాల్సింది రెండే: గడిచిన 48 గంటల్లో ఫిట్స్‌తో, వణుకుతో, భ్రమలతో ఎంతమంది వచ్చారు, వాళ్లలో ఎంతమందిని కల్లు గురించి అడిగారు. పేర్లు అడగొద్దు, ఫొటో తీయొద్దు.